వేలెడు రైలు, మూరెడు రైలు

నా చిన్నప్పుడు అమ్మ దగ్గరికి వెళ్లే దారి మా ఇంటి వసారాలోనే ఉండేది. అప్పట్లో నేను కారేపల్లిలో, స్టేషన్‌కు కాస్త ఎడంగా ఉన్న ఒక పెంకుటింట్లో, అమ్మమ్మా తాతయ్యల దగ్గర పెరుగుతున్నాను. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ గోదావరి వంతెన దాటి, భద్రాచలం కూడా దాటి, అడవి మధ్య ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెప్పేది. మొదట్లో నన్నూ తన దగ్గరే ఉంచుకుంది. కానీ వానలు మొదలైతే ఆ చుట్టుపక్కల మలేరియా. ఒక జ్వరం తగ్గేలోపు ఇంకో జ్వరం వచ్చి నేను పుల్లలా అయిపోయానట. ఆ కబురు అందగానే తాతయ్య వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా, నన్ను దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని తీసుకొచ్చేశాడట. ఆ తర్వాత అమ్మ సెలవులకు వచ్చి వెళ్తుండేది. మిగతా రోజుల్లో నాకు అమ్మ అంటే వసారా తూర్పు చివర.

తాతయ్య రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు. కారేపల్లి దగ్గర రైలు దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఇల్లెందు బొగ్గు గనుల వైపు, ఇంకొకటి కొత్తగూడెం వైపు. వచ్చిన బండి ఏ వైపు పోవాలో ఆ వైపుకు పట్టాలు కలిపే పని ఆయనది. ఉద్యోగం అయిపోయాక చేతులు ఊరికే ఉండలేకపోయాయి. వసారా గోడ పొడవునా, నా ఛాతీ ఎత్తులో, ఒక పొడుగాటి టేకు పలక బిగించి, తను పనిచేసిన దారినంతా దాని మీద పరిచాడు.

ఆ రైలు చాలా చిన్నది. ఒక్కో పెట్టె నా చూపుడువేలంత. పొనికి కర్ర చెక్కి చేసిన పెట్టెలు. ఆ కర్ర ఎంత తేలికంటే చేతిలో పెట్టుకున్నా పెట్టుకున్నట్టు ఉండదు. చక్రాలు దారంతో బిగించిన చొక్కా గుండీలు. పట్టాలు పాత సైకిల్ చక్రాల పుల్లలు. వాటి కింద అడ్డంగా పరిచినవి చీపురుపుల్లల ముక్కలు. పడమటి చివర డోర్నకల్, తర్వాత మా కారేపల్లి, ఆ తర్వాత అడవిలో బండి ఆగీ ఆగని చిన్న స్టేషన్లు, చివర కొత్తగూడెం. ఆ స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరేగాని, భద్రాచలానికి అక్కణ్ణుంచి ఇంకా చాలాసేపు బస్సులో పోవాలి. అందుకని పట్టాలు ఆగిన చోట తాతయ్య ఒక మట్టి రోడ్డు వేశాడు. అగ్గిపెట్టెకు ఎర్ర రంగు పూసి బస్సు చేశాడు. ఆ తర్వాత నీలం రంగు గోదావరి, దాని మీద వెదురు బద్ద వంతెన. పలక అంచున, ఇంకొంచెం జరిగితే కింద పడిపోయేంత చివరగా, సున్నం వేసిన చిన్న ఇల్లు. అది అమ్మ బడి.

ఊళ్ల మధ్య దూరాలు మాత్రం నిజం లెక్కన పెట్టలేదు. పెడితే పలక మా వీధి దాటి పోయేది. "దూరం ఎవనికి గావాలె బిడ్డా, ఊర్లుంటె సాలు" అనేవాడు.

రైలుకు ఒక దారం కట్టి ఉండేది. దాన్ని చుట్టే పిడి తూర్పు చివర ఉండేది. బడి నుంచి రాగానే నేను ఆ చివర నిలబడి పిడి తిప్పేదాన్ని. రైలు అడవిలోని స్టేషన్లన్నీ దాటుకుంటూ మెల్లగా నా వైపు వచ్చేది. అమ్మ ఉన్న చోట నిలబడి తిప్పుతాను కాబట్టి, కారేపల్లి నుంచి నన్ను అమ్మే లాక్కుంటున్నట్టు అనిపించేది. తాతయ్య మంచం మీద నుంచి "లైన్ క్లియర్" అంటేగాని పిడి ముట్టుకోకూడదు. ఒక్కోసారి కావాలనే ఆపేవాడు. "ఆగు, బొగ్గు బండి వస్తంది. గది పోనీ ముందుగాల" అనేవాడు. నేను నిజంగానే ఆ కనపడని బొగ్గు బండి పోయేదాకా ఆగేదాన్ని. నాకు మాటలు తక్కువ. ఇంటికి ఎవరొచ్చినా తలుపు చాటుకు పోయే పిల్లను. తాతయ్యకూ నాకూ మధ్య మాటలు చేయాల్సిన పని చాలావరకు ఆ రైలే చేసేది.

ఆ ఏడు పంద్రాగస్టు జెండా పండుగ అయిపోగానే వస్తానని అమ్మ కబురు చేసింది. అమ్మమ్మ గారెలకు పప్పు నానబోసింది. నేను తాతయ్యతో స్టేషన్‌కు వెళ్లాను. బండి వచ్చింది, అమ్మ రాలేదు. తాతయ్యకు తెలిసిన గార్డు కిందికి దిగి చెప్పాడు. గోదావరి పొంగిందట, భద్రాచలం బస్సులన్నీ ఆపేశారట, నీళ్లు తీసేదాకా అటు మనుషులు ఇటు రాలేరట. ఆ గారెలు పక్కింటి అక్క పిల్లలు తిన్నారు.

మర్నాడు నేను నా గుడ్డబొమ్మను తీసుకుని పలక దగ్గరికి వెళ్లాను. అమ్మ తన పాత చీర ముక్కలతో కుట్టిన బొమ్మ అది, జానెడు పొడుగుంటుంది. అమ్మ ఇటు రాలేకపోతే బొమ్మనైనా అటు పంపుదామని నా ఆలోచన. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బొమ్మ పెట్టెలో పట్టదని తెలుసు కనుక పెట్టెల మీద అడ్డంగా పడుకోబెట్టి, ఈ చివరకు వచ్చి పిడి తిప్పాను. రైలు కదలగానే బొమ్మ ఒరిగింది. దాని బరువుకు పెట్టెలన్నీ పట్టాలు తప్పి కింద పడ్డాయి. మళ్లీ సర్ది మళ్లీ తిప్పాను. మళ్లీ పడింది. నాకు ఏడుపు ఆగలేదు. నిన్న స్టేషన్‌లో రాని ఏడుపు కూడా దానితో కలిసి వచ్చింది.

అరుగు మీద చాటలో బియ్యం ఏరుతున్న పక్కింటి అక్క అది చూసి నవ్వింది. "ఏంది పెద్దబాపూ, నీ రైల్ల చీమలకే టికెట్లిస్తవా? పోరి బొమ్మకు జాగ లేకపాయె!"

అమ్మమ్మ లోపల్నుంచే అందుకుంది. "ఆయన కండ్లకు ఆ గుండీలు కనవడితె గద! సూదిల దారం నేనెక్కియ్యాలె, ఇంజనుకు రంగు నేనెయ్యాలె. జర పెద్దగ జెయ్యరాదూ, పిల్ల బొమ్మనన్న ఎక్కించుకుంటది."

తాతయ్య మంచం దిగి వచ్చాడు. వంగి పెట్టెలు ఏరాడు. తర్వాత బొమ్మను తీసుకుని, గోడకు ఆనించి కూర్చోబెట్టి, తల నుంచి కాళ్ల దాకా జానతో కొలిచాడు. కొలుస్తూ తనలో తను నవ్వుకున్నాడు. నా ఏడుపు ఎంత పొడుగుందో తెలిసిపోయిందనుకున్నాడు కాబోలు. "గింతేనా? గీదానికి ఏడుస్తరా బిడ్డా?" అన్నాడు.

ఆ మర్నాటి నుంచే పని మొదలైంది. బొమ్మ కూర్చోవాలంటే పెట్టె మూరెడుండాలి. పెట్టె ఒక్కటి పెంచితే సరిపోదు. దాని చక్రం పెరగాలి, చక్రాల ఎడం పెరగాలి, ఆ ఎడానికి తగ్గట్టు పట్టాలు దూరం జరగాలి. ప్లాట్‌ఫాం ఎత్తు, నీళ్ల టాంకీ, సిగ్నల్ స్తంభం, పాయింట్ల కడ్డీ, అన్నీ ఆ కొలతకే రావాలి. తాతయ్య దర్జీ దగ్గర ఖాళీ అయిన చెక్క దారపు రీళ్లు అడిగి తెచ్చి, అడ్డంగా కోసి చక్రాలు చేశాడు. కిరాణా దుకాణానికి వచ్చే చెక్కపెట్టెలకు చుట్టిన ఇనప పట్టీలు విప్పుకొచ్చి పట్టాలు చేశాడు. చీపురుపుల్లల చోటికి వెదురు బద్దలు వచ్చాయి. పాత రైలులో ఉన్నదేదీ, ఒక్క మేకు కూడా, కొత్తదానికి పనికిరాలేదు.

నేనూ సంబరపడ్డాను. దారపు రీళ్లకు గరుకు కాగితం పట్టాను, కిటికీలకు రంగు వేశాను. పెద్ద రైలు వస్తోందంటే అదే దారిలో, అన్ని స్టేషన్లూ దాటి, అమ్మ దాకా వస్తుందనే అనుకున్నాను. పలక ఎంతుందో నాకు తెలుసు, రైలు ఎంతుందో కళ్ల ముందే కనిపిస్తోంది. అయినా ఆ రెండింటినీ కలిపి చూసే వయసు కాదు నాది.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి వసారా అంతా కర్ర వాసన. తాతయ్య పలక మీదున్నవన్నీ పీకేసి, రంద పట్టి నున్నగా చేస్తున్నాడు. ఊళ్లు లేవు, అడవి లేదు. కింద చుట్టలు చుట్టుకుని పడి ఉన్న పొట్టులో కొన్ని చుట్టలకు ఒక పక్క నీలం రంగు ఉంది. అది గోదావరి. సున్నం వేసిన ఇల్లు ఎక్కడా కనిపించలేదు. చిన్న రైలు కోసం చూస్తే, పక్కింటి అక్క పిల్లలు వీధిలో వాననీటి కాలువలో పెట్టెల్ని ఒక్కొక్కటే వదులుతున్నారు. పొనికి కర్ర కదా, పడవల్లా తేలుతూ పోతున్నాయి.

"సంతోషమేనా బిడ్డా?" అన్నాడు తాతయ్య, కండువాతో చెమట తుడుచుకుంటూ. ఆయన ముఖంలో ఎంత వెలుగుందంటే, నేను తల ఊపాను.

కొత్త రైలు చాలా అందంగా వచ్చింది. ఈ మాట నిజాయితీగా చెప్పాలి. ఇంజను చక్రాలకు ముందుకూ వెనక్కూ ఆడే కడ్డీ ఉండేది. పెట్టె తలుపు తెరుచుకునేది. ప్లాట్‌ఫాం మీద బెంచీ, బెంచీ పక్కన కుండ, కుండ మీద బోర్లించిన గ్లాసు. ఊళ్లోవాళ్లు పనిగట్టుకుని చూడడానికి వచ్చారు. తాతయ్యతో పనిచేసిన ఒక పెద్దాయన పాయింట్ల కడ్డీని వేలితో లాగి చూసి, "అరే, అచ్చం గట్లనే ఉన్నదిరా, నీ చేతులు సల్లగుండ" అని ఆయన భుజం తట్టాడు. నా బొమ్మ కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది.

బొమ్మ ఎక్కిన బండి ప్లాట్‌ఫాం మీద నుంచి కదిలేది. సిగ్నల్ దాటేది. అక్కడ పలక అయిపోయేది. పలక మొత్తానికి పట్టింది మా కారేపల్లి స్టేషన్ ఒక్కటే. మేమున్న ఊళ్లోనే మేమున్నాం.

కొన్నాళ్లు బొమ్మను ఎక్కించి, దించి ఆడాను. తాతయ్య చూస్తున్నప్పుడు ఆడేదాన్ని. తర్వాత అదీ మానేశాను. బడి నుంచి రాగానే చిరుతిళ్లు కట్టిచ్చిన కాగితాలు విప్పుకుని, మూలన కూర్చుని, వాటి మీదున్నవి చదువుకునేదాన్ని. "పోరి పెద్దగైతంది" అంది అమ్మమ్మ. తాతయ్య పలక మీద దుమ్ము తుడుస్తూ నా వైపు చూసేవాడు. ఏదో అడగబోయి మానుకున్నట్టు ఉండేది.

గోదావరి వరద తీశాక అమ్మ వచ్చింది. భుజాన సంచి దించకుండానే రైలు చూసింది, ఇంజను చూసింది, కుండ మీద గ్లాసును వేలితో తాకి నవ్వింది. "ఎంత ముద్దుగ జేసినవ్ బాపూ" అంది. అలా చూస్తూ చూస్తూ, అలవాటు కొద్దీ పలక తూర్పు చివరకు నడిచింది. అక్కడ ఆగి, "నా బడి ఏదీ మరి?" అంది. నవ్వుతూనే అడిగింది.

అమ్మమ్మ తాతయ్యను చూసింది. అమ్మ నన్ను చూసింది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది, ఎందుకంటే నేను చాలా రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. నేను చెయ్యెత్తి వసారా గోడ మీదుగా బయటికి చూపించాను. పెరడు, పెరటి అవతల పక్కింటి వాళ్ల కొట్టం, ఇంకా అవతలికి. "అక్కడెక్కడో" అన్నాను.

తాతయ్య నా వేలు చూపిన వైపు చూశాడు. అమ్మ కాళ్లు కడుక్కోవడానికి లోపలికి పోయింది, అమ్మమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. ఆయన ఇంకా అటే చూస్తున్నాడు.

ఆ సాయంత్రం చెప్పులు తొడుక్కుని, "రా బిడ్డా, ఏడుందో సూసొద్దాం" అని నా చెయ్యి పట్టుకున్నాడు. పెరటి దిడ్డి తలుపు తీసుకుని తూర్పుగా నడిచాం. పక్కింటి గడ్డివాము దగ్గర ఆగి, "గిక్కడ చిన్న స్టేషన్. బండి ఆగది, ఊకె మెల్లగైతది" అన్నాడు. దారికి అడ్డంగా పడుకున్న బర్రెను చూసి, "లే తల్లీ, లైన్ మీద పడుకుంటరా ఎవరన్న" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వేలు మూరైతే అడుగు ఎంతవుతుందో, పలక మీద వదిలేసిన అసలు దూరాలను కూడా కలిపి, తనలో తాను లెక్క వేసుకుంటూ, ఒక్కో ఊరినీ ఒక్కో చోట దింపుకుంటూ నడిచాడు. వీధి అయిపోయింది, ఇళ్లు అయిపోయాయి. జొన్నచేలలోకి వచ్చాం. కంచె దగ్గర నుంచి రైతు ఒకాయన కేకేశాడు. "ఏందన్నా, నా చేన్ల ఏం కొలుస్తున్నవ్?"

"నీ చేను కాదురా. నా బిడ్డ బడి ఏడొస్తదో సూస్తున్న."

పెద్దాయనకు ఏదో అయిందనుకున్నాడేమో, ఆ రైతు మేం దాటిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు.

చేను చివర ఒక కాలువ, దాని అవతల గట్టు. తాతయ్య నన్ను ఎత్తుకుని కాలువ దాటించి, గట్టు మీద కూర్చున్నాడు. ఆయనకు ఆయాసంగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే మా ఇంటి పెంకులు కూడా కనపడడం లేదు.

"గిక్కడొస్తది అమ్మ బడి" అన్నాడు. "పెట్టె పెద్దగ జేస్తె ఊరు గింత దూరం జరుగుతదని నాకు ఎర్కే బిడ్డా. పలక కొలిసిననాడే ఎర్క. బొమ్మకు జాగ సాలక ఏడుస్తున్నవనుకున్న. బొమ్మను కొలిసిన గని నిన్నడగలే. ముందుగాల నిన్నడగాల్సింది" అన్నాడు.

అప్పటివరకూ ఏ పెద్దమనిషీ నాతో తప్పు తనదని చెప్పలేదు. తిట్టినవాళ్లున్నారు, బుజ్జగించినవాళ్లున్నారు. ఇలా పక్కన కూర్చుని, నాతో సమానంగా కాళ్లు వేలాడేసి, పొరపాటు చేశానని చెప్పినవాళ్లు లేరు. ఆయన అంతటితో ఆగలేదు. "ఇప్పుడడుగుతున్న. ఏం జెయ్యమంటవ్ చెప్పు" అన్నాడు. అడిగి ఊరుకున్నాడు. తొందరపెట్టలేదు, తనే ఒక జవాబు అందించలేదు. జొన్నల మీద గాలి పోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

చిన్నదే కావాలి తాతా. అంతే నేను చెప్పాల్సింది. అది నోటి దాకా వచ్చింది. కానీ ఆయన ఎన్ని రోజులు రీళ్లు కోశాడో, వేలికి రంపం తగిలితే పసుపు అద్ది గుడ్డ చుట్టుకుని మళ్లీ ఎలా కూర్చున్నాడో నేను పక్కనే ఉండి చూశాను. గట్టు మీది గడ్డి తుంచి కాలువలో వేస్తూ కూర్చున్నాను. సన్నగా వాన మొదలైంది. "సరే, ఇంటికి పోదాం. నువ్వు ఎన్నడంటె గన్నడు చెప్పు" అని లేచాడు.

అమ్మ వెళ్లిపోయిన కొన్నాళ్లకు నాకు ధైర్యం వచ్చింది. చెప్పాలనే నిశ్చయించుకుని వసారాలోకి వెళ్లాను. తాతయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గుండీల డబ్బా, ఒక చేతిలో దారమున్న సూది, ఒక చేతిలో గుండీ. నేను చెప్పకముందే ఆయనకు నా జవాబు తెలిసినట్టుంది. గుండీని వెలుతురుకు పెట్టి, కళ్లు చిట్లించి, సూది పోనిస్తున్నాడు. అది గుండీ పక్క నుంచి పోతోంది. మళ్లీ పోనిస్తున్నాడు. ఈసారి వేలికి గుచ్చుకుంది. ఎవరైనా చూశారేమోనని తలెత్తి, నన్ను చూశాడు.

"పెద్దదే బాగుంది తాతా" అన్నాను.

"అవ్ బిడ్డా" అన్నాడు. గుండీలు ఒక్కొక్కటే డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఆ చలికాలానికి ఆయన చూపు ఇంకా మందగించింది. ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేయించినా గుండీల పనికి వచ్చే చూపు మళ్లీ రాలేదు. తర్వాత మేం ఎన్నో సంగతులు మాట్లాడుకున్నాం, ఆ సంగతి తప్ప.

ఇప్పుడు నేనూ అమ్మలాగే బడిలో పాఠాలు చెబుతున్నాను, తిరుమలాయపాలెం దగ్గరి ఒక ఊళ్లో. ఏది అడిగినా తల ఊపే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు. ఆ తల ఊపడాన్ని నేను జవాబుగా తీసుకోను. పక్కన కూర్చుని అడుగుతాను, అడిగి ఊరుకుంటాను. కొందరు బడి వదిలే గంట కొట్టినా చెప్పరు. అలాంటివాళ్లను మర్నాడు మళ్లీ అడుగుతాను. తాతయ్య నన్ను రెండోసారి అడగలేదు. అడిగి ఉంటే నిజం చెప్పేదాన్నని చాలాసార్లు అనుకుంటాను. కానీ సూది గుచ్చుకున్న ఆయన వేలు గుర్తొస్తే మాత్రం, అప్పుడు కూడా పెద్దదే బాగుందని అనేదాన్నేమో అనిపిస్తుంది.